చంక దగ్గర ముడతలు: కుట్టు చానల్‌కి జనం ఎలా వస్తారు

తెనాలిలో టైలరింగ్ షాపు నడుపుతూ, జాకెట్లు కుట్టడం నేర్పే యూట్యూబ్ చానల్ కూడా చూసుకుంటున్నాను. “అక్కా, వీడియోలు పెడుతున్నా ఎవరూ చూడట్లేదు” అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ముందు టాపిక్ సంగతి. ‘బ్లౌజ్ కటింగ్’ అని వెతికి చూడండి, ఎంత కిందికి జరిపినా వీడియోలు వస్తూనే ఉంటాయి. ఆ గుంపులో కొత్త చానల్‌ని ఎవరూ పట్టించుకోరు. అదే ‘లైనింగ్ జాకెట్టుకి చంక దగ్గర ముడతలు ఎందుకు వస్తాయి’ అని పెడితే, కుట్టింది విప్పలేక మెషిన్ ముందు విసుగ్గా కూర్చున్నామె అచ్చంగా దానికోసమే వెతుకుతూ ఉంటుంది. అలాంటివాళ్లు తక్కువమందే ఉండొచ్చు కానీ, వస్తే చివరిదాకా చూస్తారు.

ఈ ప్రశ్నలు ఆల్టరేషన్‌కి వచ్చే జాకెట్లలోనే దొరుకుతాయి. భుజం జారిపోతోంది, వెనక మెడ లేచి నిలబడుతోంది, ఆది జాకెట్టు ఇచ్చినా చేతులు బిగుతయ్యాయి... వాళ్లు అన్న మాటను అన్నట్టే నోటుబుక్కులో రాసుకోండి. అదే టైటిల్. ‘ఆర్మ్‌హోల్ కరెక్షన్’ అని మనవాళ్లు ఎవరు వెతుకుతారు చెప్పండి! చాలామంది తెలుగు మాటనే ఇంగ్లిషు అక్షరాల్లో టైప్ చేస్తారు, లేదంటే మైకు నొక్కి నోటితో అడుగుతారు. అందుకని టైటిల్ తెలుగులో పెట్టి, డిస్క్రిప్షన్ మొదటి లైన్లో అదే మాటను ఇంగ్లిషు అక్షరాల్లో కూడా రాయండి.

షూటింగుకి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఫోన్‌ని టేబుల్‌కి సరిగ్గా పైన స్టాండుకి బిగించండి. పూల గుడ్డ మీద సుద్దగీత కనిపించదు, ఒకే రంగు గుడ్డ తీసుకోండి. ఫ్యాన్ చప్పుడూ మెషిన్ చప్పుడూ మాటను మింగేస్తాయి కాబట్టి మాట తర్వాత విడిగా రికార్డు చేసి కలపండి.

“హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు మై చానల్, గంట గుర్తు నొక్కండి” అంటూ మొదలుపెట్టే అలవాటు మానుకోవాలి. మొదటి షాటులోనే ముడతలు పడ్డ జాకెట్టు, దాని పక్కనే సరిచేసిన జాకెట్టు చూపించి పనిలోకి దిగండి.

అసలు పాఠం వీడియో పెట్టిన కొన్ని రోజులకు మొదలవుతుంది. చానల్ నడిపేవాళ్ల కోసం ఉండే యూట్యూబ్ స్టూడియో యాప్‌లో ఏ నిమిషం దగ్గర ఎంతమంది ఉన్నారో చూపే గీత ఒకటుంటుంది. అది గబుక్కున పడిపోయిన చోట జనం వెళ్లిపోయారన్నమాట. చాలాసార్లు అక్కడ నేను ఊరికే మాట్లాడుతూ ఉంటాను! గీత పైకి లేచిన చోట మాత్రం వెనక్కి తిప్పి మళ్లీ చూశారని అర్థం. కుట్టు వీడియోల్లో అది తరచుగా లెక్క దగ్గరే లేస్తుంది. చాతీ 36 అయితే నాలుగో వంతు 9, దానికి కుట్టుకని ఎంత కలపాలి అనే చోట. అక్కడ అంకెలు తెరమీద పెద్దగా రాయాలి, ఆ ఒక్క ముక్క మీదే ఇంకో వీడియో చెయ్యాలి. నా తర్వాతి టాపిక్‌లు సగం ఆ గీతే చెబుతుంది.

థంబ్‌నెయిల్, అంటే నొక్కకముందు వీడియోకి కనిపించే బొమ్మ, 1280 x 720 పిక్సెళ్ల సైజులో ఉంటే చాలు. సొంత బొమ్మ పెట్టాలంటే ముందు ఫోన్ నంబరు వెరిఫై చేసుకోవాలి. ఒకే జాకెట్టు, రెండు మూడు మాటలు చాలు. ఫోన్లో అది బొటనవేలంత కనిపిస్తుంది. కనిపించిన ప్రతి 100 సార్లకు నాలుగు సార్లే క్లిక్ చేశారని టెన్షన్ పడకండి. సగం చానళ్లకు ఈ లెక్క 2 నుంచి 10 శాతం మధ్యే ఉంటుందని యూట్యూబే చెబుతోంది.

మన పనికి సీజన్ కూడా ముఖ్యం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, డిస్కౌంటు చీరలు మాత్రం కొంటారు. శ్రావణం వస్తే వరలక్ష్మీ వ్రతానికి పట్టు జాకెట్ల హడావిడి. కాబట్టి పట్టు జాకెట్ల వీడియోలు ఆషాఢంలోనే తీసి పెట్టేయాలి. వ్రతం ముందురోజు పెడితే అప్పటికే ఎవరి జాకెట్టు వాళ్లు కుట్టేసుకుని ఉంటారు.

షార్ట్స్, అంటే నిలువుగా ఉండే చిన్న వీడియోలు, ఇప్పుడు 3 నిమిషాల దాకా పెట్టొచ్చు. కొత్తవాళ్ల కంట పడటానికి మంచివే, కానీ పూర్తి కటింగ్ అందులో పట్టదు. ఒక చిట్కా చూపించి, పెద్ద వీడియోకి లింకు ఇవ్వండి. ప్రకటనల డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, ఏడాదిలో 4000 గంటలు జనం చూసి ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4000 గంటల్లోకి రాదు, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ‘నీది నేను, నాది నువ్వు సబ్‌స్క్రైబ్’ అనే వాట్సాప్ గ్రూపుల జోలికి పోవద్దు. అది రూల్స్‌కి విరుద్ధం, పైగా అలా చేరినవాళ్లు జాకెట్టు కటింగ్ చూడరు.

“అక్కా, 40 సైజుకి చెప్పండి” అని కామెంటు వస్తే లవ్ సింబల్ పెట్టి వదిలేయకండి. ఆ కొలత లెక్క రాసి, వీడియోలో ఏ నిమిషం దగ్గర చూడాలో చెప్పి, ఆ కామెంటును పైన పిన్ చేయండి. అదే సైజు ఇంకో ఇద్దరు అడిగారంటే గుడ్డ పరిచి వీడియో మొదలుపెట్టండి.