ఆగిన ఊళ్లో రాత్రికి ఆరిపోయే ఆర్వీ: సమస్య – పరిష్కారం

పగలంతా ప్రయాణం చేసి సాయంత్రానికి మనసుపడ్డ పాత రేవు పట్టణానికి చేరుకుంటారు. కోటగోడ పక్కన, కెరటాల చప్పుడు వినిపించే చోట ఆర్వీ (పడక, వంటగది, నీళ్లు అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి) ఆపుతారు. దీపాలు బాగా వెలుగుతాయి, నీళ్ల పంపు హుషారుగా తిరుగుతుంది. అర్ధరాత్రి దాటాక ఫ్రిజ్ కీచుమంటుంది. లేచి కుళాయి తిప్పితే పంపు మూలుగుతుంది, దాంతోపాటే దీపమూ మసకబారుతుంది. తెల్లవారి ఇంజిన్ ఆన్ చేయగానే అన్నీ ఏమీ ఎరగనట్టు పనిచేస్తాయి.

ఈ కథ నా చెవిన పడేసరికి చాలామంది కొత్త బ్యాటరీ కూడా కొనేసి ఉంటారు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఎక్కడుందని అడిగితే మాత్రం సొరుగులన్నీ వెతుకుతారు.

అందరూ దాటవేసే పరీక్ష

బస చేసిన చోట ఆర్వీల కోసం ప్లగ్గు పెట్టిన కరెంటు స్తంభం నుంచి కనెక్షన్ తీసుకున్నారా? ప్లగ్గు పెట్టినంత మాత్రాన బ్యాటరీ చార్జ్ అవుతున్నట్టు కాదు. స్తంభం దగ్గర బ్రేకర్ (కరెంటు ఎక్కువైతే తానే ఆగిపోయే స్విచ్) పడిపోయి ఉండవచ్చు, ఆర్వీ లోపలి బ్రేకర్ పడిపోయి ఉండవచ్చు, సామాను సర్దుతుంటే మోచెయ్యి తగిలి చార్జర్ స్విచ్ ఆగిపోయి ఉండవచ్చు. ప్లగ్గు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి బ్యాటరీ మీద మీటర్ పెట్టి చూడండి. అంకె 13 వోల్టులు దాటి పైకి పోవాలి. కదలకపోతే చార్జింగ్ జరగడం లేదు, వెతకాల్సింది బ్యాటరీ నుంచి దీపాల వైపు కాదు, చార్జర్, స్తంభం వైపు. అరనిమిషం పని ఇది. దీన్ని వదిలేసి సీటు కింద వైరింగ్ అంతా విప్పి పరిచినవాళ్లను చూశాను.

అన్నట్టు, ఆ పొడవాటి కేబుల్‌ను చుట్టగానే ఉంచి వాడకండి. వేడి చుట్టలోనే నిలిచిపోయి తొడుగు కరుగుతుంది. అవసరం మూడు మీటర్లే అయినా మొత్తం విప్పి నేలమీద పరచండి.

స్తంభం లేదు, బ్యాటరీ మీదే ఉన్నారు, తెల్లవారేసరికి ఖాళీ

సీసం బ్యాటరీ అయితే, ఏమీ వాడకుండా కొన్ని గంటలు ఉంచాక 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగం ఖాళీ అయినట్టు, 12 కంటే దిగితే ఇక ఆపేయాల్సినట్టు. ఊళ్లోకి వచ్చి ఇంజిన్ ఆపిన వెంటనే కొలిచి, 12.9 ఉందని మురిసిపోకండి. అది పైపై చార్జ్, కాసేపట్లో దిగిపోతుంది. లిథియం బ్యాటరీకి ఈ లెక్క పనికిరాదు. దాని వోల్టేజీ చివరిదాకా దాదాపు ఒకేలా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. దానికి ఆంపియర్‌లు లెక్కపెట్టే మానిటరే దారి.

తర్వాత చిన్న కూడిక వేయండి. 100 ఆంపియర్-అవర్ (ఒక ఆంపియర్ చొప్పున వంద గంటలు ఇచ్చేంత) సీసం బ్యాటరీలో నిక్కచ్చిగా వాడుకోదగ్గది సగమే, అంటే 50. కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 4 ఆంపియర్లు తీసుకుంటూ, సగం సమయం నడుస్తుందనుకుంటే పన్నెండు గంటలకు 24. దీపాలు, పంపు కలిపి మరో ఐదారు. ఎవరూ వాడకపోయినా ఆన్‌లో ఉన్న ఇన్వర్టర్ గంటకు ఒక ఆంపియర్ తిన్నా తెల్లవారేసరికి 12. ఈ ఇన్వర్టర్ లెక్క ఎవరికీ గుర్తుండదు. మీ కూడిక 50 లోపు వచ్చినా బ్యాటరీ చచ్చిపోతోందంటే అది సాయంత్రానికి నిండనే లేదన్నమాట. ఎందుకు నిండలేదన్నదే అసలు ప్రశ్న.

సోలార్ పలక మీద ఆధారపడితే ముందు పైకెక్కి చూడండి. పాత పట్టణంలో కోటగోడ నీడ చల్లగా ఉంటుందని అక్కడే ఆపుతాం. పలకలో ఒక మూల మీద నీడ పడినా దిగుబడి ఆ మూల మేరకే కాదు, అంతకంటే చాలా ఎక్కువ తగ్గుతుంది. ఉప్పుగాలి వేసే తెల్లటి పొరను మంచినీళ్లతో కడగండి, పక్షి రెట్టలను కూడా.

నన్ను రెండుసార్లు ముంచిన కారణం

పైవన్నీ సరిగ్గా ఉండి కూడా రాత్రికి ఆరిపోతోందంటే నా అనుమానం ఒకే ఒక్క బోల్టు మీద ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ నుంచి లావుపాటి నల్ల కేబుల్ వచ్చి చాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, బిగించే చోటుంటుంది చూడండి, అది.

చాలా ఆర్వీల్లో పాజిటివ్‌కే తీగలుంటాయి. నెగటివ్ తిరిగివచ్చేది బండి ఇనుము మీదుగానే. దీపానికి పోయేదీ, పంపుకు పోయేదీ, చార్జర్ నుంచి బ్యాటరీలోకి వచ్చేదీ, అంతా ఆ ఒక్క బోల్టు కింది నుంచే దాటాలి. అక్కడ రాగి లగ్గు (కేబుల్ కొనకు ఉండే రంధ్రం ఉన్న బిళ్ల), జింకు పూత బోల్టు, ఉక్కు చాసిస్ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. మధ్యలో ఉప్పుతేమ చేరితే ఆ జాయింటే ఒక చిన్న బ్యాటరీ అయి తన లోహాన్ని తానే తింటుంది. సముద్రం పక్కన ఒకటి రెండు సెలవులు గడిపిన బండికి ఇది మొదలవడం పెద్ద విడ్డూరమేమీ కాదు.

నష్టం ఎంతంటే, ఆ జాయింట్‌లో 0.05 ఓమ్ నిరోధం చేరిందనుకోండి. పంపు, దీపాలు, ఫ్రిజ్ కలిసి 10 ఆంపియర్లు లాగితే అర వోల్టు అక్కడే పోతుంది. బ్యాటరీ ఇంకా 12 దగ్గర ఉన్నా ఫ్రిజ్‌కు అందేది 11.5. దాని రక్షణ సర్క్యూట్ కాస్త తొందరపాటుది అయితే ఆపేస్తుంది. చార్జింగ్‌లో ఇంకా ఘోరం. 20 ఆంపియర్లు వస్తుంటే పూర్తిగా ఒక వోల్టు పోతుంది. చార్జర్ 14.4 ఇస్తుంది, బ్యాటరీకి 13.4 అందుతుంది. చార్జర్ చూసేది తన కొన దగ్గరి అంకెనే కాబట్టి, బ్యాటరీ నిండిందనుకుని తొందరగా ఫ్లోట్‌కు, అంటే నిండిన బ్యాటరీని నిలబెట్టే తక్కువ వోల్టేజీకి, దిగిపోతుంది. పచ్చదీపం వెలుగుతుంది, మనం నమ్ముతాం.

ఇది ఇంత కాలం ఎందుకు దొరకదంటే, రోడ్డు మీద ఉండగా ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) 14 వోల్టుల చొప్పున తోస్తుంటుంది. అర వోల్టు పోయినా దీపాలకు కావలసినంత ఉంటుంది. ఇంజిన్ ఆగినప్పుడే లోటు బయటపడుతుంది, అందుకే నింద ఆగిన ఊరి మీదికి పోతుంది. మీటర్ కూడా మోసం చేస్తుంది. కరెంటు పారనప్పుడు ఆ జాయింట్ ఏమీ తినదు, బ్యాటరీ 12.6 అని నిర్దోషిలా చూపిస్తుంది. నేను మొదటి బ్యాటరీని ఆ అంకె చూసే నమ్మి, తర్వాత చచ్చిందని తీసి పారేశాను. రెండోదీ అదే దారి పట్టింది. రెండూ చార్జ్ అందక, సగం ఆకలితో ఉండి, లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి చెడినవే.

కాబట్టి పరీక్ష కరెంటు పారుతుండగా చేయాలి. మీటర్‌ను డీసీ వోల్టులకు పెట్టి, ఒక మొనను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీదే ఆనించండి. క్లాంపు మీద కాదు, మధ్యలోని సీసపు దిమ్మ మీద. రెండో మొనను చాసిస్ మీద గీకి మెరిపించిన చోట ఆనించండి. ఇప్పుడు కుళాయి తిప్పించండి, దీపాలన్నీ వేయించండి, హీటర్ ఫ్యాన్ కూడా. 0.1 లోపు ఉంటే జాయింట్ మంచిదే. 0.3 దాటితే దొంగ దొరికినట్టే. నా బండిలో 0.9 వచ్చింది. తర్వాత రెండో మొనను పోస్టు నుంచి క్లాంపుకు, లగ్గుకు, బోల్టు తలకు, చాసిస్‌కు వరసగా జరుపుతూ పోతే అంకె ఎక్కడ ఎగిరిందో తెలుస్తుంది. పాజిటివ్ వైపు కూడా ఇదే నడక నడవండి, మెయిన్ ఫ్యూజు పెట్టే దగ్గర మరీ శ్రద్ధగా.

పై నుంచి చూసి తేల్చకండి. నా బోల్టు బిగుతుగానే ఉంది, దానిమీద కంపెనీ పెయింట్ చెక్కుచెదరలేదు. విప్పితే వాషర్‌తోపాటు తుప్పు పెచ్చులుగా ఊడివచ్చింది. లగ్గు అడుగున పచ్చటి చిలుము తడి ముద్దలా అంటుకుని ఉంది. ప్యాంటుకు తుడుచుకున్న ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు.

బాగుచేసే తీరు

స్తంభం కనెక్షన్ తీసేయండి, సోలార్‌ను ఆపండి, ఉంగరాలు, గడియారం తీసి పక్కన పెట్టండి. ముందు నెగటివ్ క్లాంపు విప్పాలి. బోల్టు తీశాక రుద్దడం మొదలుపెట్టే ముందు మంచినీళ్లతో ఉప్పును కడిగి ఆరనివ్వండి. ఉప్పు మీద ఎమరీ కాగితం రుద్దితే ఉప్పును లోహంలోకి కూరినట్టే. ఉక్కు తెల్లగా మెరిసేదాకా, లగ్గు రెండు వైపులా ఎర్రటి రాగి కనిపించేదాకా రుద్దండి.

లగ్గు మెడ దగ్గర తొడుగును కాస్త కోసి లోపల చూడండి. పోగులు కాలిన వత్తుల్లా నల్లగా ఉంటే తేమ లోపలికి పాకిందన్నమాట. మెరిసే రాగి దొరికేదాకా కేబుల్ కత్తిరించి, తగరం పూత ఉన్న కొత్త లగ్గు క్రింప్ చేయించండి, అంటే పనిముట్టుతో నొక్కి బిగింపించండి. కేబుల్ పొట్టిదైపోతే కొత్తది వేయండి, అతుకు వద్దు. పళ్ల వాషర్ వేసి, కొత్త బోల్టుతో లోహానికి లోహం తగిలేలా బిగించాకే పైన గ్రీజో, మైనపు స్ప్రేయో పూయాలి. పెయింట్ వేసి దాని మీద బిగించేవాళ్లున్నారు. వాళ్లే మళ్లీ ఆరు నెలలకు వస్తారు. చివరగా అదే పరీక్ష, అవే దీపాలు, అదే పంపు.

మిగతావి

బ్యాటరీలో ఒక గది (సెల్) చెడితే వోల్టేజీ 10.5 దగ్గర కూలబడుతుంది, మార్చేయడమే. అలారమో రేడియోనో దొంగచాటుగా కరెంటు లాగుతోందన్న అనుమానం ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి, ఏది తీసినప్పుడు ఆ లాగుడు ఆగిందో చూడండి. ఆల్టర్నేటర్ పాడైతే సాధారణంగా డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది, అది వేరే కథ.

గ్యాస్ మీద నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ మాత్రమే చల్లబడక, మిగతావన్నీ బాగుంటే వైరింగ్ జోలికి పోకండి. రేవు వైపు వీధులు వాలుగా ఉంటాయి, ఆ ఫ్రిజ్ సమతలంగా లేకపోతే దాని లోపలి అమ్మోనియా ద్రవం సరిగ్గా తిరగదు. చక్రాల కింద దిమ్మలు పెట్టి కొన్ని గంటలు ఆగండి. పంపు దగ్గరే 12.5 వోల్టులు అందుతున్నా అది మూలుగుతోందంటే దాని ముందున్న జల్లెడ విప్పండి. ట్యాంకు నింపిన గొట్టంలోంచి వచ్చిన ఇసుకో నాచో అందులో పట్టేసి ఉంటుంది.