గుడ్డు నుంచి వెలువడిన గొంగళిపురుగుకు తొలి మేత

సీతాకోకచిలుక గుడ్డును ఆకు నుంచి ఊడదీయకుండా, ఆకును కాడతో సహా తుంచి, అడుగున మెత్తని కాగితం పరిచిన చిన్న మూత డబ్బాలో ఉంచాలి. నిమ్మ జాతి చెట్లపై పెరిగే సీతాకోకచిలుకల గుడ్లు వెచ్చని వాతావరణంలో సాధారణంగా 3 నుంచి 5 రోజుల్లో పొదుగుతాయి. పొదిగే సమయం దగ్గరపడగానే చాలా జాతుల గుడ్లు నల్లబడతాయి. భూతద్దంతో చూస్తే పెంకు చాటున పురుగు తల కనబడుతుంది. లేత ఆకును పక్కన పెట్టవలసినది అప్పుడే.

రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుండే ఆ పిల్లపురుగు పెంకును కొరికి బయటికి వస్తుంది. చాలా జాతుల్లో వెంటనే వెనక్కి తిరిగి, తాను వదిలిన పెంకునే నమలడం మొదలుపెడుతుంది. ఖాళీ పెంకే కదా అని దాన్ని తుడిచివేయడం కొత్తగా పెంచేవారు తరచుగా చేసే పొరపాటు. పెంకు తినడం ముగించి అది ఆకు వైపు నడిచేదాకా డబ్బాను కదపకుండా ఉంచడం మంచిది.

మేతగా తల్లి గుడ్డు పెట్టిన మొక్క ఆకే ఇవ్వాలి, ఎందుకంటే చాలా జాతుల పురుగులు పరాయి ఆకును ముట్టకుండా ఆకలితోనైనా చస్తాయి. వాటికి ఆకును పట్టిచ్చేది అందులోని రసాయనమే: ఆవ జాతి మొక్క రసం పూసినప్పుడు, మామూలుగా ముట్టని ఆకులనూ, చివరికి వడపోత కాగితాన్నీ క్యాబేజీ సీతాకోకచిలుక పురుగులు తిన్నాయని 1910లో వృక్షశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ వెర్షాఫెల్ట్ చూపించారు.

మొదటి రోజు ఆకుకు చిల్లులు కనబడకపోతే కంగారు పడనవసరం లేదు. పసిపురుగు దవడలకు ఆకు మందమంతా కొరికే బలం ఉండదు కనుక, అది ఒకవైపు కండను మాత్రమే గీకి, రెండో వైపు పొరను పలచని అద్దంలా వదిలేస్తుంది. పాలు కారే మొక్కలపై బతికే మొనార్క్ అనే సీతాకోకచిలుక పిల్లపురుగు ఇంకా జాగ్రత్తగా ఉంటుంది: ముందు ఆకు నూగును గొరిగి, తరువాత గుండ్రంగా ఒక గాడి కోసి, పాల ప్రవాహం తగ్గిన ఆ వృత్తంలోనే మేస్తుంది, అయినా కొన్ని ఆ జిగురులో చిక్కుకుని చనిపోతాయి. డబ్బా అడుగున గసగసాల కంటే చిన్న నల్లని రెట్ట చుక్కలు కనబడితే, పురుగు తింటున్నట్టే.

ఆకు వాడకముందే కొత్తది పెట్టాలి, దానిపై పురుగుమందు చల్లి ఉండకూడదు. పురుగు కాళ్లు పట్టుదారపు అల్లికను పట్టుకుని ఉంటాయి కనుక దాన్ని వేళ్లతో లాగకుండా, అది ఉన్న ముక్కను కత్తిరించి కొత్త ఆకు మీద ఉంచితే తానే దిగుతుంది. డబ్బా గోడలకు చెమ్మ పడితే తుడవాలి, ఒక్క నీటిబొట్టులోనైనా అది మునిగిపోగలదు. పొదగని గుడ్లను వేరుగా ఉంచాలి. కొన్ని జాతుల పిల్లలు వాటినీ తినేస్తాయి.

కొద్ది రోజులకు పురుగు మేత మాని కదలకుండా ఉంటే, జబ్బనుకోకూడదు, అది కుబుసం విడవబోతోంది. అప్పుడు దాన్ని తాకకూడదు. పాత తల తొడుగు రాలిపోయి, విడిచిన చర్మాన్ని కూడా తినేశాకే పెద్ద ఆకుకు మార్చాలి.