మొదటి రిమోట్ హెలికాప్టర్ కొంటున్నారా? పెద్దది మాత్రం వద్దు

ఈ మధ్య మిర్యాలగూడ వైపు ఒక డిగ్రీ కుర్రాడి ముంజేతికి కుట్లు పడ్డాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 500 సైజు అనే పెద్ద రకం రిమోట్ హెలికాప్టర్, అదీ మొదటి రోజే. బ్యాటరీ తగిలించగానే బ్లేడ్లు తిరగడం మొదలైందట. రిమోట్‌లో ఏ స్విచ్ ఎటు ఉందో చూసుకోలేదు. ఎముకదాకా పోలేదు కాబట్టి తక్కువలో బయటపడ్డాడు. వానలు తగ్గి, పొద్దున పూట గాలి నిలిచే కాలం వస్తోంది. నల్లగొండ, పాలమూరు వైపు ఈ సరదా మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది దసరాకీ సంక్రాంతికీ మధ్యే మొదలుపెడతారు. కాబట్టి కొనే ముందే ఇది చదవండి. కొన్నాక చదివితే సగం ఉపయోగం పోయినట్టే.

పిల్లల్ని దూరంగా ఉంచాలి, కరెంటు తీగల కింద ఎగరేయకూడదు... ఇవి మీకు చెప్పక్కర్లేదు. అసలు సంగతికి వస్తాను.

ముంచేది ఒకటే తప్పు

మొదటి హెలికాప్టరే పెద్దది కొనడం. నేను చూసినంతలో డబ్బు పోయినవాళ్లు, వేళ్లు తెగినవాళ్లు, రెండో వారానికే విసిగి అటక మీద పడేసినవాళ్లు అందరూ దాదాపు ఇక్కడే జారారు. అడిగితే ఒకటే మాట: "అన్నా, చిన్నది గాలికి కొట్టుకపోతదట గదా, పెద్దదైతే ఆగుతదట."

ఆ మాట నిజమే. అబద్ధమైతే ఇంతమంది దెబ్బతినేవాళ్లు కాదు. బరువున్న రోటర్ (తిరిగే బ్లేడ్ల జత) గాలిలో నిలకడగా ఉంటుంది, దూరానికి కూడా బాగా కనిపిస్తుంది. కానీ ఆ లాభం హోవర్ చేయడం, అంటే గాలిలో ఒకే చోట నిలిపి ఉంచడం, వచ్చినవాడికి. రానివాడి చేతిలో పెద్దదైనా చిన్నదైనా పడేదే. మొదటి నెలల్లో పడడం ఖాయం. పడినప్పుడు ఎంత గట్టిగా కొడుతుందన్నదే లెక్క.

ఆ లెక్క చూడండి. 450 సైజు (ఈ అంకెలు సైజుల పేర్లు, కచ్చితమైన కొలతలు కావు) హెలికాప్టర్‌కు ఒక్కో బ్లేడు 325 మిల్లీమీటర్లు. నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే బ్లేడు కొస వేగం గంటకు సుమారు 370 కిలోమీటర్లు. 700 సైజుదైతే 2,000 చుట్లకే 590 దాకా పోతుంది. 2013 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పార్కులో 19 ఏళ్ల యువకుడు తన హెలికాప్టర్ బ్లేడు తగిలే చనిపోయాడు. అతను కొత్తవాడు కూడా కాదు. దీన్ని బొమ్మల షాపు లెక్కలో చూడకండి.

డబ్బు సంగతి కూడా అంతే. పెద్దది ఒక్కసారి పడితే బ్లేడ్లు, మెయిన్ షాఫ్ట్, ఫెదరింగ్ షాఫ్ట్ (రెండు బ్లేడ్లనూ పట్టి ఉంచే కడ్డీ), గేరు, తోక పైపు వరసగా పోతాయి. ఆ బిల్లుతో చిన్నది కొత్తది వచ్చేస్తుంది. స్పేర్ల కోసం హైదరాబాద్ పోవాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకుని రోజులు లెక్కపెట్టాలి. ఈలోగా చేతికి వచ్చిన కాస్త అలవాటూ పోతుంది.

మరి ఏది కొనాలి

ఒకదాని మీద ఒకటి రెండు రోటర్లు ఎదురెదురుగా తిరిగే కోయాక్సియల్ రకం హాల్లో చక్కగా నిలబడుతుంది. బయట మాత్రం ఫ్యాన్ గాలంత వచ్చినా పక్కింటి డాబా మీదికి చేరుతుంది. బయట నేర్చుకోవడానికి అది పనికిరాదు.

నాలుగు ఛానెళ్ల (నాలుగు రకాల కదలికలను నడిపే) ఫిక్స్‌డ్ పిచ్ రకంలో బ్లేడు కోణం మారదు, వేగం మారితేనే పైకీ కిందకీ కదులుతుంది. అందుకే మీరు స్టిక్ కదిపాక కొంచెం ఆలస్యంగా స్పందిస్తుంది, ఎదురుగాలి తగిలితే అడక్కుండానే పైకి లేస్తుంది. తోక మీ వైపు పెట్టి హోవర్ చేయడం, దిగడం దీని మీద నేర్చుకోవచ్చు. డబ్ల్యూఎల్ టాయ్స్ వి911 లాంటివి ఈ కోవకే వస్తాయి. చవక, పడినా పెద్దగా ఏమీ కాదు. ఈ మధ్య వచ్చేవాటిలో ఎత్తును, ఉన్న చోటును తామే పట్టుకుని నిలబడేవి ఉన్నాయి. వాటిని ఎగరేస్తే ముచ్చటగానే ఉంటుంది కానీ మీ వేళ్లు ఏమీ నేర్చుకోవు.

గాలిలో నిజంగా ఎగరేయాలంటే బ్లేడు కోణం మారే కలెక్టివ్ పిచ్ రకం కావాలి. అందులో చిన్నది కొనండి: రోటర్ అడ్డం కొలత 250 నుంచి 400 మిల్లీమీటర్ల మధ్య. తనంతట తాను సమంగా నిలబడే మోడ్ ఉండాలి, ఆ మోడ్ స్విచ్‌తో తీసేసే వీలు కూడా ఉండాలి. ఎక్స్‌కె కె110లో 6జి (తనే సమంగా నిలబడేది), 3డి (ఆ సాయం లేనిది) అని రెండు మోడ్‌లున్నాయి. బ్లేడ్ అనే కంపెనీ హెలికాప్టర్లలో సేఫ్ పేరుతో ఇలాంటిదే ఉంది. ఓఎంపీ ఎం2 సైజు, అంటే అడ్డం కొలత 400 మిల్లీమీటర్ల దగ్గర, మీ పై హద్దు అనుకోండి. అంతకు మించితే నేను ముందే చెప్పాను.

కొనే ముందు ఒక పని చేయండి. ఆ మోడల్‌కు మెయిన్ బ్లేడ్లు, తోక మోటారు లేదా గేరు, ల్యాండింగ్ స్కిడ్లు (నేల మీద ఆనే కాళ్లు) ఇవాళ మన దేశంలో ఎక్కడ దొరుకుతున్నాయో వెతకండి. దొరక్కపోతే ఆ మోడల్ వదిలేయండి. అమెరికా నుంచి వచ్చే బావతో తెప్పించుకుందాం అనుకుంటే, పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించిందని గుర్తుంచుకోండి. విడిభాగాలకు ఆ అడ్డు లేదు గానీ, కస్టమ్స్‌వాళ్ల కంటికి రిమోట్ హెలికాప్టర్ కూడా డ్రోన్‌లానే కనిపిస్తుంది. బావను ఎయిర్‌పోర్టులో ఇరికించకండి.

2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల లోపువి నానో, 250 గ్రాముల నుంచి 2 కిలోల దాకా మైక్రో. నానోకూ, వ్యాపారం కోసం కాకుండా ఎగరేసే మైక్రోకూ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఈ విషయంలో కూడా చిన్నదే సుఖం.

డ్రోన్ వచ్చినవాళ్లకు

"నాకు డ్రోన్ వస్తది" అనేవాళ్లంటేనే నాకు ఎక్కువ టెన్షన్. డ్రోన్‌కు జీపీఎస్ ఉంటుంది, స్టిక్ వదిలేస్తే అక్కడే నిలబడుతుంది. కలెక్టివ్ పిచ్ హెలికాప్టర్ అలా నిలబడదు. భయపడితే చెయ్యి స్టిక్‌ను కిందికి లాగేస్తుంది. మామూలు మోడ్‌లో అలా చేస్తే రోటర్ నెమ్మదించి కింద పడుతుంది. ఐడిల్ అప్ మోడ్‌లో (స్టిక్ ఎక్కడున్నా రోటర్ పూర్తి వేగంతో తిరిగే, విన్యాసాల మోడ్) అయితే రోటర్ వేగం తగ్గదు. బ్లేడు కోణం తిరగబడి, పూర్తి వేగంతో తిరుగుతూనే హెలికాప్టర్‌ను నేలకేసి కొడుతుంది. అప్పుడు మోటారును ఆపేది థ్రాటిల్ హోల్డ్ స్విచ్ ఒక్కటే. ఆ స్విచ్ మీద వేలు అలవాటయ్యేదాకా ఐడిల్ అప్ ముట్టుకోకండి. ఈ పొరపాటు చిన్నదాని మీద జరిగితే ప్లాస్టిక్ బ్లేడు పోతుంది. పెద్దదాని మీద జరిగితే కార్బన్ బ్లేడు ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం. అందుకే మళ్లీ చెబుతున్నా, మొదటిది పెద్దది వద్దు.

ఎక్కడ, ఎప్పుడు

సూర్యోదయం నుంచి ఎనిమిదింటి దాకా. ఆ తర్వాత నేల వేడెక్కి గాలి లేస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పాలమూరు వైపు వీచే గాలికి కొత్తవాళ్లు అసలు బయటికి తీయకపోవడమే మంచిది. కోసిన వరి మడి చూడ్డానికి మెత్తగా, సమంగా ఉంటుంది కానీ కొయ్యకాళ్లకు తోక రోటర్ తగులుతుంది. పత్తి చేను అంతకన్నా అధ్వానం. ఎర్ర చెలకలో దుమ్ము లేచి మోటారులోకీ బేరింగుల్లోకీ పోతుంది. ఒక ప్లైవుడ్ చెక్క వేసుకుని దాని మీంచి లేపండి, టార్పాలిన్ వద్దు, అంచు లేచి బ్లేడుకు చుట్టుకుంటుంది. సాగర్ డ్యామ్ దగ్గర వద్దు. అవతలి ఒడ్డున విజయపురి సౌత్‌లో ఎయిర్‌స్ట్రిప్ ఉంది. శిక్షణ విమానాలు ఇటు పెద్దవూర వైపు కూడా తిరిగేవి, 2022 ఫిబ్రవరిలో ఒకటి ఆ మండలంలోనే కూలింది. ఎక్కడైనా సరే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో (ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) ఆ చోటు చూడండి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగులే హద్దు. కొత్తవాడికి మనిషి ఎత్తు దాటితేనే ఎక్కువ.

ఇక వరసగా రాస్తున్నా, ఒక్కటీ వదలకండి.

ముందు సిమ్యులేటర్. రియల్ ఫ్లైట్ లాంటిది ఏదైనా సరే, అదే రిమోట్‌ను కంప్యూటర్‌కు కలిపి.

రిమోట్ ముందు ఆన్, హెలికాప్టర్ బ్యాటరీ తర్వాత. ఆపేటప్పుడు తిరగేసి: బ్యాటరీ ముందు తీయాలి.

బ్యాటరీ తగిలించే ముందు థ్రాటిల్ హోల్డ్ చూడండి. స్టిక్ కింద ఉందో లేదో చూడండి. మళ్లీ చూడండి.

ల్యాండింగ్ స్కిడ్లకు శిక్షణ కర్రలు, బంతులు కట్టండి. సిగ్గుపడకండి.

ముప్పై అడుగుల దూరంలో, తోక మీ వైపు ఉండేలా నిలబడండి. ముక్కు మీ వైపు తిరిగితే ఎడమ కుడి తారుమారవుతుంది, కొత్తలో ఎక్కువ పడేది అక్కడే.

చూడ్డానికి వచ్చినవాళ్లు మీ వెనక ఉండాలి. పక్కన కాదు. ఎవరైనా ముందుకొస్తే దించేయండి.

చేత్తో పట్టుకుని లేపకండి. చేత్తో పట్టుకుని దించకండి. వీడియోల్లో చేస్తారు, మీరు చేయకండి.

తోక రోటర్ చిన్నదని తక్కువగా చూడొద్దు. మెయిన్ రోటర్ కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా తిరుగుతుంది.

పడిపోతే హోల్డ్ వేయండి, బ్యాటరీ తీయండి, తర్వాతే అటూ ఇటూ తిప్పి చూడండి.

గీత పడిన బ్లేడు పారేయండి. ఫెవిక్విక్ వద్దు.

బ్లేడు బోల్టులు, రోటర్ హెడ్ స్క్రూలు ప్రతిసారీ చూడండి. లోహంలోకి లోహపు స్క్రూ దిగేచోట థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) వేయండి.

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ సెల్‌కు 4.2 వోల్టులు దాటకూడదు, 3 కిందికి దిగకూడదు, ఇంట్లో పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బితే వాడకండి. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకోకండి. ఎగరేసి వచ్చిన వేడి బ్యాటరీకి వెంటనే ఛార్జింగ్ పెట్టకండి.

సెకండ్ హ్యాండ్‌లో పెద్దది సగం ధరకు వస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే, వద్దని పెట్టేయండి.

ఎండలో ఆపిన స్కూటీ డిక్కీలో బ్యాటరీలు పెట్టి టిఫిన్‌కు పోకండి.