ఒంటరిగా తెరచాప ఎత్తే ముందు

జువ్వలదిన్నె రేవు నుంచి వేటకు పోవడం వేరు, తెరచాప పడవలో ఒక్కడివే భూమి చుట్టి రావడం వేరు. వేటలో ఒకడు కునుకు తీస్తే ఇంకొకడు చూసుకుంటాడు. నీకు ఆ ఇంకొకడు ఉండడు.

అందుకే ముందు నిద్ర సంగతి. ఇరవై నిమిషాలకోసారి లేచి చుట్టూ చూడటం ఒడ్డున ఉండగానే అలవాటు చేసుకో. ఓడల్ని చూపించే ఏఐఎస్ పెట్టుకో, కానీ చిన్న పడవలన్నీ అందులో కనబడవు.

ఛాతీకి పట్టీ, దానికి తాడు, ఆ తాడు రెండో కొస పడవకు. పడితే పడవ నీకోసం ఆగదు అబ్బయ్యా, అది తన దారిన పోతూనే ఉంటుంది. రాత్రి మూత్రానికి లేచినా కట్టుకోవాల్సిందే.

తెరచాప కొయ్య విరిగితే? 2018 సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో ఒంటరిగా భూమి చుట్టే పందెంలో ఉన్న మన నేవీ అధికారి అభిలాష్ టామీకి అదే జరిగింది. వెన్ను దెబ్బతిని కదల్లేక పడుకుంటే, మూడు రోజులకు ఫ్రెంచి ఓడ వచ్చి తీసుకెళ్లింది. ఆపదలో ఉపగ్రహానికి కబురు పంపే ఈపిర్బ్‌ను రిజిస్టర్ చేయించి, పడుకున్నా చెయ్యి అందేచోట బిగించు. కొయ్యను నిలబెట్టే ఇనుప తీగలు కోసే కత్తెర కూడా దగ్గరే ఉండాలి. విరిగిన కొయ్య తీగలకు వేలాడుతూ పడవ పక్కను పొడిచి బొక్క పెడుతుంది.

తాగే నీళ్లు ఒకే ట్యాంకులో పోయొద్దు. పళ్ల డాక్టరుకు చూపించుకో. ఎండుచేపలు తక్కువగా పెట్టుకో (మా ఇంట్లో ఈ మాటంటే కొడతారు), అవి దాహం పెంచుతాయి.

దక్షిణ అమెరికా కింది కొసన ఉన్న కేప్ హార్న్ దగ్గరకు డిసెంబరు, ఫిబ్రవరి మధ్య చేరేలా లెక్కేసుకో, అక్కడ అప్పుడే వేసవి.

వీటన్నిటికంటే ముందు, సముద్రం ఎలా ఉంటుందో చెప్పే ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ సూచన చూసుకుని, తుపాన్ల నెలలు కానప్పుడు, బంగాళాఖాతంలో నాలుగు రాత్రులు ఒక్కడివే గడిపి రా.