ముత్తాత జాడ సర్వే నంబరులో

పూర్వీకులను వెతికేవాళ్ళు ముందు బోల్తా పడేది పేరు దగ్గరే. తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు. అందుకే ఒకే ఇంటిపేరు, ఒకే పేరు తరం విడిచి తరం ఎదురవుతాయి. 1890లో పొలం కొన్న వెంకయ్యా 1935లో అమ్మిన వెంకయ్యా ఒకరేననుకుంటే రెండు తరాలు మాయమైపోతాయి. దత్తత పోతే ఇంటిపేరే మారుతుంది. పొలం మాత్రం ఎక్కడికీ పోదు. భూమి ఉన్న కుటుంబమైతే సర్వే నంబరు పట్టుకుని వెనక్కి నడవడమే నమ్మకమైన దారి.

మొదలు ఇంట్లోనే. తద్దినం పెట్టే ఇళ్ళలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రంతో సహా ఎవరికో ఒకరికి నోటికి వచ్చి ఉంటాయి. చనిపోయిన మాసం, పక్షం, తిథి కూడా తెలిసే ఉంటాయి. అవి ముందు రాసుకోండి. తర్వాత పాత దస్తావేజులు, శిస్తు రశీదులు, శుభలేఖలు తీయండి. స్టాంపు కాగితాన్ని రెండు వైపులా ఫొటో తీయాలి. వెనకవైపు స్టాంపు వెండరు రాసిన తేదీ, కొన్నవారి పేరు, ఊరు ఉంటాయి. చాలామంది అటు తిప్పి చూడరు.

పాత కాగితాల్లో తేదీ సంవత్సరం పేరుతో ఉంటే తొందరపడకండి. శార్వరి అంటే 1840-41 కావచ్చు, 1900-01 కావచ్చు, 1960-61 కావచ్చు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి స్టాంపు మీది రాజు లేక రాణి బొమ్మో, సాక్షుల పేర్లో చూసి తేల్చుకోవాలి. ఫసలీ (శిస్తు లెక్కల) సంవత్సరమైతే 590 కలపండి: ఫసలీ 1310 అంటే 1900-01. పాత తెలుగు అంకెలూ గుర్తుపట్టడం నేర్చుకోవాలి. తొందరలో రాసిన ౧, ౦ కలిసిపోయి కనిపిస్తాయి.

ఇక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) ఆన్‌లైన్‌లో వచ్చేది 1983 నుంచే. అంతకు ముందువాటికి ఆఫీసులో ఇండెక్సులు వెతికించాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇండెక్స్-1 మనుషుల పేర్లతో, ఇండెక్స్-2 ఆస్తి వివరాలతో ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు. వీలునామాలుండే మూడో పుస్తకం అలా కాదు. రాసినవారు బతికి ఉండగా ఇతరులకు నకలు ఇవ్వరు, చనిపోయాక దరఖాస్తు పెట్టినవారికి ఇస్తారు. వెళ్ళేముందు ఊరు, సర్వే నంబరు, అయిదారేళ్ళ వ్యవధి రాసి పెట్టుకోండి. ‘ముప్పై ఏళ్ళవీ చూడండి’ అంటే పని సాగదు.

నకలు చేతికొచ్చాక అమ్మినవారు, కొన్నవారు దగ్గరే ఆగకండి. అసలు సంగతి రెండు చోట్ల ఉంటుంది. ఆస్తి ఎలా సంక్రమించిందో చెప్పే వాక్యం ఒకటి. ‘మా పితామహుల నుంచి’, ‘పారీకత్తు (పంపకాల పత్రం) ద్వారా’ లాంటి మాటలు అక్కడ వస్తాయి. రెండోది చెక్కుబందీ, అంటే హద్దుల వివరం. తూర్పున, పడమరన ఎవరి పొలం ఉందో చూడండి. అన్నదమ్ములు పంచుకున్న భూమి పక్కపక్కనే ఉంటుంది కాబట్టి సరిహద్దు పేర్లలో సగం పాలివాళ్ళవే అయినా ఆశ్చర్యం లేదు. మైనరు పక్కన రాసిన గార్డియను పేరును బట్టి, తండ్రి అప్పటికే లేడేమోనన్న అనుమానం వస్తుంది. అనుమానమే సుమా, రుజువు కాదు.

ఇంకా వెనక్కి పోవాలంటే రెవెన్యూ రికార్డులు. కోస్తా, సీమల్లో శిస్తు మళ్ళీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, సాగు వివరాలుండే అడంగళ్ళు అడగండి. ఇనాం (పాలకులు శిస్తు మాఫీ చేసో తగ్గించో ఇచ్చిన) భూమైతే అదృష్టమే. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారుచేయించిన ఫెయిర్ రిజిస్టరులో మొదట ఇనాం పొందినవారి పేరు, అప్పటి అనుభవదారుకూ వారికీ ఉన్న సంబంధం నమోదై ఉంటాయి. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ (భూమి, అనుభవదారుల రికార్డు), దానికి ముందు సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రిజిస్టరు) చూడాలి. నిజాం కాలం కాగితాలు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి, చదివిపెట్టేవారు కావాలి. రీసర్వే జరిగిన ఊళ్ళో పాత నంబరు కొత్త నంబరుగా మారి ఉంటుంది. అది సరిచూసుకోకపోతే పక్కవాళ్ళ తాతలను మన తాతలుగా రాసుకుంటాం. జిల్లాలూ మారాయి. గుంటూరు జిల్లా 1904లో, పశ్చిమ గోదావరి 1925లో ఏర్పడ్డాయి. అంతకు ముందు కాగితాలను పాత జిల్లా పేరుతో వెతకాలి.

పత్రికల వంతు ఇప్పుడు వస్తుంది, ముందు కాదు. ఊరు, సుమారు సంవత్సరం తెలియకుండా పుటలు తిప్పడం కళ్ళకు శిక్ష. మచిలీపట్నం నుంచి కృష్ణాపత్రిక 1902లో మొదలైంది. ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగా బొంబాయిలో, 1914లో దినపత్రికగా మద్రాసులో వచ్చింది. గోలకొండ పత్రిక 1926లో హైదరాబాదులో మొదలైంది. ప్రెస్ అకాడమీ చాలా పాత సంచికలను స్కాన్ చేయించింది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనంలోనూ పాత పత్రికల సేకరణ ఉంది. స్కాన్లు పుటల బొమ్మలే కాబట్టి పేరు కొట్టి వెతకడం కుదరదు. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేరు వాడినా అరసున్నలూ, బండి ఱలూ, విరిగిన అచ్చూ దాన్ని తికమక పెడతాయి.

మరణవార్తలు పలుకుబడి ఉన్నవారికే పడేవి. మామూలు కుటుంబాలకు దొరికేది కోర్టు నోటీసుల్లో. పంపకాల దావాలు, ఐపీ (దివాలా) పిటిషన్లు, సమన్లు చూడండి. ప్రతివాదుల జాబితాలో పేరు, తండ్రి పేరు, కాపురం, కొన్నిసార్లు వయసు వరసగా అచ్చవుతాయి. శిస్తు బకాయికి వేలం వేసిన భూముల ప్రకటనలు జిల్లా గెజిట్లలో ఉంటాయి. ‘గత గురువారం’ అని వార్తలో ఉంటే సంచిక తేదీ నుంచి వెనక్కి లెక్కించండి. వారపత్రికలో పల్లె వార్త ఆలస్యంగా పడుతుంది కనుక, ఘటన జరిగిన రోజు నుంచి కనీసం నాలుగు సంచికలు చూడాలి.

దొరికిన ప్రతి ముక్కనూ దస్తావేజు నంబరు, సంవత్సరం, పుటతో రాసుకోండి. తండ్రి పేరు, సర్వే నంబరు, తోటి వాటాదారు పేరు ఈ మూడింటిలో రెండైనా కలిస్తేనే ఇద్దరూ ఒకరేనని ఒప్పుకోండి. వయసును నమ్మకండి, 35, 40, 50 అని గుండుగుత్తగా వేయించేవారు. బడి అడ్మిషన్ రిజిస్టరులో జూలై 1 పుట్టినరోజు కనిపిస్తే అది మాస్టారు వేసినదై ఉండవచ్చు. అక్కడ పనికొచ్చేది తండ్రి పేరు, అంతకుముందు చదివిన బడి.

భూమి లేని కుటుంబాలకు ఈ దారి సగంలోనే ఆగుతుంది. వాళ్ళకు బడి రిజిస్టర్లు, ఊరి జనన మరణాల పుస్తకాలు ఆధారం. వలస వెళ్ళినవారుంటే మాత్రం కథ మారుతుంది. 1860-1911 మధ్య దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళిన కూలీల ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, తాలూకా, జిల్లా రాసి ఉన్నాయి. ఊరి పేర్లు ఇంగ్లీషువాళ్ళు విన్నట్టు రాసుకున్నవి కాబట్టి పైకి చదివి, చెవితో గుర్తుపట్టాలి.