పింఛను 58కా, 60కా?

ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం) పింఛను 58 ఏళ్లకు వస్తుంది. 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ, కాగితం మీద లెక్క వేయండి. 58లో నెలకు 5,000 వచ్చేదనుకుందాం. రెండేళ్లు ఆగితే వదులుకునేది 1,20,000. ఆ తర్వాత అదనంగా వచ్చేది నెలకు సుమారు 400. ఆ లోటు పూడేసరికి మీకు 84 దాటుతుంది! ఇక ఈ పింఛనుకు కరువు భత్యం లాంటి పెంపు కూడా లేదు. అందుకే, 58 తర్వాత కూడా పింఛను ఖాతాకు చందా కడుతూ ఉంటే తప్ప, ఆగమని నేనైతే చెప్పను. 50 దాటాక ముందే తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్లు ముందు తీసుకుంటే అన్నేళ్లకు, ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది; అది జీవితాంతం ఉంటుంది. ఏదైనా సరే, పదేళ్ల సర్వీసు ఉండాలి. దరఖాస్తుకు ఫారం 10డి.