డెల్టా ఇళ్ళలో బ్రహ్మకమలం పూయాలంటే

కోనసీమలో, భీమవరం వైపు చాలా ఇళ్ళలో బ్రహ్మకమలం కుండీ కనిపిస్తుంది. పూసేవి తక్కువ. లోపం చాలావరకు మట్టిదే. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లమీద పెరిగే కాక్టస్ ఇది. వేళ్ళకు గాలి ఆడాలి. మన ఒండ్రుమట్టి తడిస్తే జిగట, ఎండితే రాయి.

అంగుళం ముక్కలుగా కొట్టిన కొబ్బరి డొక్క 2 పాళ్ళు, ముతక ఇసుక 1, బాగా చివికిన పశువుల ఎరువు 1 కలపండి. డొక్కను ముందు రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి నానబెట్టాలి. లేదంటే అందులోని ఉప్పు వేళ్ళను దెబ్బతీస్తుంది.

మనం ఆకు అనుకునేది కాండమే. ముదురుదాన్ని జానెడు కోసి, వారంపాటు నీడలో ఆరబెట్టండి. కోత ఎండి గట్టిపడ్డాక, కింది కొస కిందికే ఉండేలా 6 అంగుళాల కుండీలో 2 అంగుళాల లోతున గుచ్చండి. పచ్చికోత గుచ్చితే మొదలు కుళ్ళుతుంది. పూతకు రెండు మూడేళ్ళు పడుతుంది. అంత ఓపిక లేకపోతే కడియం నర్సరీల్లో ముదురు మొక్క చూసుకోండి.

పొద్దుటెండ రెండు గంటలు చాలు. మే నెల మధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకు పసుపెక్కి మాడుతుంది. పైమట్టి అంగుళం లోతు ఆరాకే నీళ్ళు. వానాకాలం కుండీ కింద పళ్ళెం తీసేయండి, తుఫాను ముసురు పడితే చూరు కిందికి జరపండి. మొదలు గోధుమరంగుకి తిరిగి మెత్తబడిందా, ఆ మొక్కమీద ఆశ వదులుకుని పై ఆకులు కోసి మళ్ళీ నాటుకోవడమే. యూరియా జోలికి పోవద్దు: ఆకులు బారెడు సాగుతాయి, మొగ్గ రాదు. ఊరికే పెద్ద కుండీకి మార్చినా అంతే, వేళ్ళు ఇరుకైతేనే పూతకొస్తుంది.

మొగ్గ ఆకు అంచున గింజంత మొదలై, మూడు నాలుగు వారాల్లో వేలాడుతుంది. అప్పుడు కుండీ తిప్పినా, నీళ్ళు మరిచినా రాలుతుంది. తొడిమ కొక్కెంలా పైకి వంగి, మొగ్గ ఉబ్బి, సాయంత్రానికి కొస వదులైతే ఆ రాత్రే పూస్తుంది. ఎనిమిదింటికి కుర్చీలు వేసుకోండి. అర్ధరాత్రికి పూర్తిగా విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది.

దీనికంత ఓపిక లేనివారికి నైట్‌క్వీన్ (రాత్‌కీ రాణీ పొద) తేలిక. పూత అవగానే కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్ళకు మళ్ళీ పూస్తుంది. పడకగది కిటికీకి దూరంగా పెట్టండి, ఆ ఘాటు కొందరికి తలనొప్పి తెస్తుంది. దాని కాయలు విషం, పిల్లలకీ పశువులకీ అందనివ్వద్దు.